ఆ చిన్నారిది జపాన్ యువరాణి వేషం కాదు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

గత నెల మూడో వారంలో మీ పత్రిక విజయనగరం జిల్లా పేజీలో, మా పట్టణంలోని ఒక పాఠశాలలో జరిగిన విచిత్ర వేషధారణ పోటీల ఫోటోలు నాలుగు ప్రచురించారు. వాటిలో ఎడమవైపు అడుగున ఉన్న ఫోటో కింద ‘జపాన్ యువరాణి వేషంలో అలరించిన చిన్నారి’ అని ఒక పంక్తి ఉంది. ఆ చిన్నారి నా మనవరాలు. ఆమె వేసినది జపాన్ వేషం కాదు, యువరాణి వేషం అసలే కాదు. ముసలి తండ్రికి బదులుగా మగవేషంలో యుద్ధానికి వెళ్లిన ములాన్ అనే చైనా గాథలోని నేతపిల్ల వేషం అది.

సవరణ వేయమని రెండు వాక్యాల్లో రాసి ఊరుకోవచ్చు. మా అబ్బాయి ఇచ్చిన సలహా కూడా అదే. కాని ఆ వేషంలో కొప్పులో పెట్టిన పువ్వుకు, బట్ట మీద గీసిన పువ్వుకు, నుదుట అతికించిన పువ్వుకు మూడు వేరు వేరు కారణాలు ఉన్నాయి. అవి చెప్పకుండా ‘జపాన్’ అన్న చోట ‘చైనా’ అని దిద్దితే దేశం పేరు మారుతుందే తప్ప ఆ ఫోటోలో ఉన్నదేమిటో పాఠకులకు తెలియదు. ముప్ఫై ఒక్క సంవత్సరాల పాటు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఉన్నత పాఠశాలల్లో చిత్రలేఖనం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక, ఎక్కడ పువ్వు బొమ్మ కనిపించినా రేకలు లెక్కపెట్టకుండా ఉండలేని అలవాటు ఒకటి నాకు మిగిలింది. అందువల్ల ఉత్తరం కొంత పొడవైతే మన్నించవలసిందిగా కోరుతున్నాను.

ములాన్ పేరు మన పిల్లలకు 1998లో వచ్చిన యానిమేషన్ చిత్రం వల్ల తెలిసింది. కాని ఆ కథకు మూలమైన గాథాగీతం ఉత్తర వెయ్ రాజ్యకాలం (386–534) నాటిదని చెబుతారు. ఆ గీతం మగ్గం చప్పుడుతో మొదలవుతుంది. గుమ్మం దగ్గర కూర్చుని నేస్తున్న అమ్మాయి నిట్టూరుస్తుంది. సైన్యంలో చేరవలసినవారి జాబితాలో తండ్రి పేరు ఉంది, ఇంట్లో ఎదిగిన కొడుకు లేడు. తూర్పు సంతలో గుర్రాన్ని, పడమటి సంతలో జీనును, దక్షిణపు సంతలో కళ్లేన్ని, ఉత్తరపు సంతలో కొరడాను కొనుక్కుని ఆమె బయలుదేరుతుంది. విచిత్రమేమిటంటే, ఇంత చెప్పిన ఆ గీతం యుద్ధాన్ని మాత్రం కొద్ది పంక్తుల్లో దాటేస్తుంది. పన్నెండేళ్ల తరువాత చక్రవర్తి పెద్ద పదవి ఇవ్వబోతే ములాన్ వద్దని, ఇంటికి త్వరగా చేర్చే వాహనం ఒక్కటి ఇప్పించమని అడుగుతుంది. ఇంటికి వచ్చి తన గది తలుపు తెరుస్తుంది, యుద్ధపు అంగీ విప్పి పాత బట్టలు కట్టుకుంటుంది, కిటికీ దగ్గర నిలబడి మబ్బులాంటి జుట్టు సర్దుకుంటుంది, అద్దంలో చూసుకుంటూ నుదుట పసుపు పువ్వు అతికించుకుంటుంది. ఆ తరువాత గది బయటికి వస్తే, పన్నెండేళ్లు పక్కపక్కనే ఉండి పోరాడిన తోటి సైనికులు నివ్వెరపోతారు. ఆమె ఆడపిల్ల అని వారికి అప్పటిదాకా తెలియదు. అంటే ఆ కథలో రహస్యం బయటపడేది కత్తి వల్ల కాదు, నుదుటి మీది పువ్వు వల్ల.

మా మనవరాలు ఎంచుకున్నది ఆ ఘట్టమే. మూడు నిమిషాల సమయంలో తలపాగాతో వేదిక మీదికి వచ్చి, పాగా తీసేసి, చేతి అద్దం చూసుకుంటూ బంగారు రంగు కాగితంతో కత్తిరించిన పువ్వును నుదుట అతికించుకుని, ప్రేక్షకుల వైపు తిరగాలి. మాటలు లేవు. ఆ పువ్వును నేనే కత్తిరించాను, పిల్ల బొట్టు బంకతో అతికించుకుంది. న్యాయనిర్ణేతలలో ఒకరు మైకులోనే ‘మేకప్ ముందే పూర్తి చేసుకుని రావాలి కదమ్మా’ అన్నారట, మరొకరు ఆ పసుపు కాగితం ఊడి పడిపోతుందేమో తీసెయ్యమన్నారట. నేను ఆ సమయంలో వెనక వరుసలో ఉన్నాను, సరిగా వినిపించలేదు. ఇంటికి వచ్చాక పిల్ల చెప్పింది. వారిని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. రోజంతా ఝాన్సీ లక్ష్మీబాయిలను, అల్లూరి సీతారామరాజులను చూసి అలసిన కళ్లకు ఆ కాగితం ముక్క కాగితం ముక్కగానే కనిపించి ఉంటుంది.

అయినా నుదుట పువ్వు దిద్దుకోవడం అర్థం కావడానికి మనం చైనా వెళ్లనక్కరలేదు. ఆ దేశంలో ఐదవ శతాబ్దపు రాజకుమార్తె షౌయాంగ్ గురించి ఒక కథ చెబుతారు. ఏడాది మొదటి నెల ఏడవనాడు ఆమె రాజమందిరం చూరు కింద పడుకుని ఉండగా చెట్టు మీది ప్లమ్ పువ్వు ఒకటి నుదుటి మీద రాలింది. ఐదు రేకల గుర్తు పడింది, ఎంత కడిగినా వెంటనే పోలేదు. అది చూసి అంతఃపుర స్త్రీలంతా నుదుట ఐదు రేకల పువ్వు దిద్దుకోవడం మొదలుపెట్టారని, ‘ప్లమ్ పువ్వు అలంకారం’ అన్న పేరు అలా వచ్చిందని కథ. తరువాత కాలంలో బంగారు రేకుతో, కాగితంతో, రంగులతో రకరకాలుగా అతికించుకున్నారు. మన ఇళ్లలో పెళ్లికూతురి కల్యాణం బొట్టు చుట్టూ తెల్లని చుక్కలు పెట్టేవారిని ఎవరూ ‘ఈ చుక్కలెందుకు, తుడిచెయ్యండి’ అనరు. ఆ చుక్కల భాష మనకు వచ్చు కాబట్టి అనం.

ఇక పేరు సంగతి. చైనా భాషలో ‘ములాన్’ అంటేనే ఒక పువ్వు. వృక్షశాస్త్రం మాగ్నోలియా అని పిలిచే జాతికి చెందిన చెట్టు పువ్వు అది. పాత గాథాగీతంలో ఆమెకు ఇంటిపేరు లేదు. మింగ్ రాజుల కాలపు నాటకకర్త షు వెయ్ (1521–1593) ఆమె కథను నాటకంగా రాసినప్పుడు ‘హ్వా’ అన్న ఇంటిపేరు పెట్టాడు. హ్వా అంటే పువ్వు. ఆ రకంగా ఈ అమ్మాయికి ఇంటిపేరూ పువ్వే, అసలు పేరూ పువ్వే. మాగ్నోలియా జాతిలో చైనావారు ఎక్కువగా తోటల్లో పెంచే తెల్లని రకం వసంతం తొలినాళ్లలో, చెట్టుకు ఒక్క ఆకైనా రాకముందే, మోడులా ఉన్న కొమ్మల మీద పూస్తుంది. షాంఘై నగరం తన నగరపుష్పంగా ఎంచుకున్నది దీనినే. ఆకుల దాపు లేకుండా చలిగాలిలో ఒంటరిగా విచ్చే ఆ పువ్వును, తోడు లేకుండా మగవారి సైన్యంలో పన్నెండేళ్లు ఉన్న పిల్ల పేరుగా ఊహించి చూడండి. ఈ పోలిక పాట కట్టినవారి మనసులో ఉందో లేదో నేను వాదించను. బొమ్మ గీసేవాడికి మాత్రం ఇంతకంటే మంచి ఆధారం దొరకదు.

మాగ్నోలియా మనకు దొరకదని మా కోడలు నిరుత్సాహపడినప్పుడు నాకు గుర్తుకు వచ్చిన సంగతి ఒకటి మీ పాఠకులకు తప్పక చెప్పాలి. మన సంపెంగ ఆ జాతిదే. పూర్వం వృక్షశాస్త్రజ్ఞులు సంపెంగను ఇటలీకి చెందిన మికేలీ అనే పండితుడి పేరు మీద మికేలియా జాతిలో ఉంచారు. ఫ్రెంచి పండితుడు మాగ్నోల్ (1638–1715) పేరు మీద ఏర్పడిన మాగ్నోలియా జాతిలోకి తరువాత దానిని చేర్చారు. ఇప్పుడు దాని శాస్త్రీయనామం మాగ్నోలియా చంపకా. అంటే ములాన్ పేరులోని పువ్వుకు మన పెరటి సంపెంగ దగ్గరి చుట్టం. రేకలు మందంగా, పొడవుగా ఉండడంలోను, వాసన దూరం నుంచే తెలియడంలోను ఆ చుట్టరికం కనిపిస్తుంది. పైగా మన కావ్యాల్లో తుమ్మెద దగ్గరికి రాని పువ్వు సంపెంగ. ముక్కు తిమ్మనగారికి ఆ పేరు తెచ్చిందని చెప్పుకునే పద్యంలో, తుమ్మెద తనను కాదన్నందుకు సంపెంగ తపస్సు చేసి ఆడదాని ముక్కుగా పుడుతుంది. ఈ కథ చెప్పినప్పుడు మా మనవరాలు తన ముక్కు తడుముకుని చూసుకుంది. ఎవరి ఆశ్రయమూ కోరక తన దారి తాను చూసుకున్న పువ్వును ములాన్ కొప్పులో పెట్టడం పొసగని పని అని నాకు అనిపించలేదు.

ఇంతకు ముందు మేము ఒక అద్దె దుస్తుల దుకాణానికి వెళ్లాం. ‘చైనా డ్రెస్’ అని వారు తీసి చూపించినది ఎర్రని శాటిన్ గౌను. ఎత్తు కాలరు, పక్కకు గుండీలు, ఒంటికి అతుక్కునే కుట్టు. దానిని చిపావ్ అంటారు, అందమైన దుస్తే. కాని ఆ రూపం షాంఘైలో 1920ల ప్రాంతంలో స్థిరపడింది. ములాన్‌కు అది పద్నాలుగు, పదిహేను వందల ఏళ్లు తరువాతిది. మన రుద్రమదేవికి పంజాబీ డ్రెస్సు తొడిగినట్లు ఉంటుంది. సరే, పిల్లల పోటీకి కాలనిర్ణయం ఎందుకని సర్దుకుందామంటే, ఆ గౌను నిండా పదహారు రేకల చామంతి ముద్రలు ఉన్నాయి. లెక్కపెట్టాను. పదహారు రేకల చామంతి జపాన్ చక్రవర్తి వంశపు ముద్ర. మీ విలేకరి ‘జపాన్’ అని రాయడానికి ఆ గౌనే కారణమేమో అనుకోవడానికి లేదు, ఎందుకంటే మేము దానిని తీసుకోలేదు.

ఆ దుకాణంలోనే మరో గౌను మీద గులాబీ రంగు పూల కొమ్మలు ఉన్నాయి. అవి ప్లమ్ పూలని యజమాని, చెర్రీ పూలని నేను కొంతసేపు మర్యాదగా వాదించుకున్నాం. ఈ రెండింటికీ తేడా తెలుసుకోవడం కష్టం కాదు. ప్లమ్ పువ్వు రేక చివర గుండ్రంగా ఉంటుంది. చెర్రీ పువ్వు రేక చివర చిన్న నొక్కు, చీలినట్లుగా ఉంటుంది. ప్లమ్ పువ్వు కాడ దాదాపు లేకుండా కొమ్మకే అతుక్కుని పూస్తుంది. చెర్రీ పూలు పొడవైన కాడలతో గుత్తులుగా వేలాడతాయి. చైనా చిత్రకారులకు ప్లమ్ అంటే ప్రాణం. మంచు కురిసే రోజుల్లో పూస్తుంది కనుక ఓర్పుకు గుర్తు, ఐదు రేకలు ఐదు శుభాలకు గుర్తు. వసంతకాలపు ఆర్కిడ్, వేసవి వెదురు, శరత్కాలపు చామంతి, చలికాలపు ప్లమ్ కలిసి వారి చిత్రకళలో ‘నలుగురు సజ్జనులు’. చెర్రీ కొమ్మ చూడగానే జనానికి గుర్తుకు వచ్చేది జపాన్. దుకాణం గౌను మీద ఉన్నవి నొక్కు ఉన్న రేకలు, పొడవు కాడలు. యజమాని చివరికి ‘పిల్లలకు ఎవరు చూస్తారు మాస్టారూ’ అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఆ దుస్తులతో పాటు వారు ఇచ్చే తలపూవు బట్టతో చేసిన పెద్ద పియోనీ. చైనా భాషలో దాని పేరు ముదాన్. వారి లెక్కలో అది ఐశ్వర్యానికి, హోదాకు గుర్తు. తాంగ్ రాజుల కాలంలో దాని మోజు ఎంతటిదంటే, ఆనాటి చిత్రకారుడు చౌ ఫాంగ్ గీసినదని చెప్పే ఒక పటంలో అంతఃపుర స్త్రీలు ఎత్తయిన కొప్పుల నడినెత్తిన అరచేయంత పూలు పెట్టుకుని కనిపిస్తారు. ఆ పటం ఇప్పుడు లియావోనింగ్ రాష్ట్ర మ్యూజియంలో ఉంది. అలంకారంగా చూస్తే దుకాణం పియోనీ బాగానే ఉంది. కాని ఆలోచించండి, చక్రవర్తి ఇచ్చే పదవిని కాదని ఇంటికి వెళ్లిపోయిన పిల్ల ఆమె. హోదాకు గుర్తయిన పువ్వును ఆమె నెత్తిన పెట్టడమంటే ఆమె వద్దన్న పదవిని మనం బలవంతంగా కట్టబెట్టినట్లు. అందుకే దానిని కూడా అక్కడే వదిలేశాం.

చైనావారి పూల సంకేతాలలో శ్లేష చాలా ఎక్కువ అన్న సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. తెల్ల మాగ్నోలియా పేరు యులాన్, అడవి ఆపిల్ జాతి పువ్వు పేరు హైతాంగ్. ఈ రెండు పేర్లలోని అక్షరాలు ‘యు’, ‘తాంగ్’ కలిపితే ఉచ్చారణలో జేడ్ రాతి మందిరం అన్న అర్థం వస్తుంది. పక్కన పియోనీ చేరిస్తే, ఆ మందిరంలో సిరిసంపదలు నిలవాలి అన్న ఆశీర్వచనం పూర్తవుతుంది. కూజాలో మూడు రకాల పూలు గీసి ఇస్తే వారు దానిని చదువుకుంటారు. శ్లేషకావ్యాలు చదివి మెచ్చుకున్న తెలుగువారికి ఈ విద్య కొత్తగా తోచదు. తామర సంగతి కూడా అంతే. ‘లియన్’ అన్న దాని పేరు ఎడతెగనిది అన్న మాటలా, చేప పేరు మిగులు అన్న మాటలా వినిపిస్తాయి కనుక తామర, చేప కలిపి గీస్తే ఏటేటా మిగులు ఉండాలని దీవించినట్లు. మేము తామర జోలికి పోలేదు, కథతో దానికి పని లేదు.

చివరికి దుస్తులు కుట్టించుకోవాలనే నిర్ణయించుకున్నాం. బట్ట పొందూరు ఖాదీ. గాథ మగ్గం దగ్గర మొదలవుతున్నప్పుడు, వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి చేత్తో వడికే ఊరు మన పక్కనే ఉన్నప్పుడు, శాటిన్ ఎందుకు? అయితే తెల్లని ఖాదీని అలాగే వాడడానికి లేదు. చైనాలో తెలుపు దుఃఖానికి, అంత్యక్రియలకు సంబంధించిన రంగు. అందుచేత లేత ఆకుపచ్చ అద్దకం వేయించాం. దాని మీద నేను కుంచెతో మాగ్నోలియా కొమ్మలు గీశాను, ఒక్క ఆకు లేకుండా. ఎదురింటివారు వచ్చి చూసి, ‘ఎండిన కొమ్మలకు పూలేమిటండీ మాస్టారూ, నాలుగాకులు వేస్తే నిండుగా ఉంటుంది కదా’ అన్నారు. ఫాల్గుణంలో పార్వతీపురం దాటి ఏజెన్సీ దారిలో వెళ్తే మోదుగలు ఆకు లేకుండా ఎర్రగా మండిపోతుంటాయి కదా, ఆ చెట్టును గుర్తు తెచ్చుకోండి అన్నాను. ఆయన ఒప్పుకున్నారు, అయినా వెళ్తూ వెళ్తూ రెండాకులైనా వేయమనే చెప్పారు.

మా దర్జీ ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్నవాడు. అయినా ముందు భాగం అంచులను ఒకసారి విప్పి మళ్లీ కుట్టవలసి వచ్చింది. ఆ పాత చైనా అంగీకి ఎడమ అంచు పైకి వచ్చి కుడి చంక కింద ముడిపడాలి. అటుది ఇటు అయితే అది శవానికి తొడిగే పద్ధతి. జపాన్ కిమోనోకు కూడా ఎడమ అంచే పైన ఉంటుంది. ఎనిమిదవ శతాబ్దంలో చైనాను చూసి వారు చేసుకున్న ఏర్పాటు అది. మీ విలేకరి పొరపడింది ఈ అంచును చూసే అయితే, ఆయనను నేను పూర్తిగా తప్పు పట్టలేను. కాని కిమోనోకు నడుముకు వెడల్పాటి పటకా ఉంటుంది, మా పిల్లకు ఉన్నది సన్నని నాడా. (మరీ పట్టుదలగా వాదించేవారు, ఉత్తర వెయ్ రాజ్యాన్ని ఏలినవారు గుర్రాలెక్కి తిరిగిన షియన్‌బెయ్ జాతివారు కదా, వారి అంచు దీనికి ఎదురువైపు కదా అని అడగవచ్చు. వారి రాజు షియావోవెన్ 494లో రాజధానిని లోయాంగ్‌కు మార్చిన తరువాత తన జాతి దుస్తులను నిషేధించి చైనా పద్ధతిని తెచ్చాడు. నేను ఆ తరువాతి కాలాన్ని తీసుకున్నాను.) గుండీలకు బదులు పైపింగు తాడును మెలితిప్పి పువ్వులా ముడివేయమన్నాను. చైనా దర్జీలు అలాంటి పూలముడులు వేయడం తరువాతి కాలపు చిపావ్‌లలోనే ఎక్కువగా కనిపిస్తుందని తెలిసి కూడా ఆ ఒక్కచోట కాలాన్ని పక్కన పెట్టాను. మా దర్జీ వేసిన ముడి అంత బాగా కుదిరింది.

జుట్టు దగ్గర నిజంగానే చిక్కు వచ్చింది. చైనాలో పెళ్లికాని చిన్నపిల్లలకు రెండు చెవుల పైన రెండు ముడులు వేసేవారు. ఆడపిల్లకు పదిహేనేళ్లు వచ్చాక ఆ జుట్టును పైకి చేర్చి ఒకే కొప్పుగా చుట్టి పిన్ను గుచ్చే వేడుక ఉండేది. మా పిల్లకు తొమ్మిదేళ్లు, కాబట్టి రెండు ముడులే ముద్దుగా ఉంటాయని కోడలు అంది. కాని ఆ ఘట్టంలో ములాన్ పన్నెండేళ్ల యుద్ధం నుంచి తిరిగి వచ్చిన యువతి, ఆమెకు చిన్నపిల్ల ముడులు నప్పవు. పిల్ల తానే తేల్చింది, ‘నేను నేను కాదు కదా తాతయ్యా’ అని. సవరం పెట్టి ఒకే కొప్పు వేశారు.

కొప్పుకు పూల కోసం మా ఊరి మూడు లాంతర్ల కూడలి దగ్గరికి వెళ్తే, ఎప్పుడూ మాకు పూలిచ్చే ఆమె నిండు తెల్ల చామంతులు చూపించి, ‘పాపకి ఇయ్యి పెట్టండి బాబూ, పొద్దుగూకే దాకా వాడవు’ అంది. పువ్వు నాణ్యంలో ఆమె మాట ఎప్పుడూ తప్పు కాదు. కాని చైనాలో తెల్ల చామంతి సమాధుల దగ్గర పెట్టే పువ్వు, ఆడవారు తలలో తెల్లపువ్వు పెట్టుకుంటే ఇంట్లో ఎవరో పోయినట్లు. మన దగ్గర భర్త పోయిన ఆడదాని తలలోంచి పువ్వు తీసేస్తాం, అక్కడ దుఃఖంలో ఉన్న ఆడది తెల్లపువ్వు పెట్టుకుంటుంది. ఒకే పువ్వు చుట్టూ రెండు సమాజాలు రెండు దిక్కులకు నడిచాయి. నాకైతే ఆ దేశపు ఆచారమే కొంచెం దయగలదిగా తోస్తుంది. ఇంటికి తండ్రి బతికి ఉండగా చేరిన ములాన్‌కు తెల్ల చామంతి మాత్రం కూడదు.

ఆ పూలామె మర్నాడు ఎవరి పెరట్లోంచో తొమ్మిది సంపెంగలు తెచ్చి ఇచ్చింది. చుట్టడానికి మూర జాజిమొగ్గల దండ తీసుకున్నాం. జాజులు చైనావి కావే అని ఎవరైనా అడుగుతారేమోనని ఆ సంగతీ చూసుకున్నాను. వారు మల్లెజాతి పువ్వును ‘మోలి’ అంటారు, ఆ మాట మన ‘మల్లిక’ నుంచే వెళ్లింది. ఫుజియన్ రాష్ట్రంలో చువాన్‌జౌ నగరానికి దగ్గరగా సముద్రం ఒడ్డున షున్‌పు అనే పల్లె ఉంది. ఆల్చిప్పలు ఏరి బతికే అక్కడి ఆడవారు ఈనాటికీ కొప్పు చుట్టూ పూలమొగ్గల దండలను వలయాలుగా చుట్టుకుంటారు. వారి ఆచారాలను 2008లో ఆ దేశపు జాతీయ వారసత్వ జాబితాలో చేర్చారు. ఆ ఫోటోలు చూపించినప్పుడు మా కోడలు, ‘మన కళింగపట్నం పెళ్లిలో తీసినట్టే ఉన్నాయి మామయ్యా’ అంది. ములాన్ ఉత్తరాది పిల్ల, ఆ పల్లె దక్షిణాన ఎక్కడో ఉంది. ఆ మేరకు నేను పట్టు సడలించానని ఒప్పుకుంటున్నాను.

ఈ ఊళ్లోనే ఉండి గురజాడవారు రాసిన పూర్ణమ్మ ఏ కాలంలో పూసే పువ్వును ఆ కాలంలో దుర్గమ్మకు అందించిన పిల్ల. ఆ పూలన్నీ ఆమె ఎవరో చెబుతాయని మేము తరగతి గదుల్లో పిల్లలకు చెప్పాం, వారు విని కన్నీళ్లు పెట్టుకున్నారు. కథలోని ఆడపిల్ల దగ్గర పువ్వు ఎందుకు ఉందో అడగడం విజయనగరానికి కొత్త పని కాదు. అలాంటి ఊళ్లో వేదిక మీద నుదుట పువ్వు అతికించుకున్న పిల్లను ‘ఇదేమిటమ్మా’ అని ఒక్కరైనా అడిగి ఉంటే, ఆమె దగ్గర చెప్పడానికి చాలా ఉంది. బహుమతి రానందుకు ఇది రాస్తున్నానని అనుకోకండి. మొదటి బహుమతి అందుకున్న అల్లూరి సీతారామరాజు వేషం నిజంగా బాగుంది, ఆ అబ్బాయి పట్టిన విల్లు ఒక్కటే కాస్త పొట్టి.

నా మనవి ఇంతే. మొదటిది, ఆ ఫోటో కింది పంక్తికి సవరణగా ‘చైనా గాథానాయిక ములాన్ వేషంలో చిన్నారి’ అని మీకు వీలైన రోజు, వీలైన మూల ప్రచురించండి. రెండవది, ఇలాంటి పోటీలకు వెళ్లే మీ విలేకరులు వేషం పేరు నిర్వాహకుల జాబితా చూసి కాక పిల్లలనే అడిగి రాసుకుంటే బాగుంటుంది. ఆ రోజు నిర్వాహకుల జాబితాలో మా మనవరాలి పేరుకు ఎదురుగా ‘ఫారిన్ డ్రెస్’ అని మాత్రమే ఉందని తరువాత తెలిసింది, కనుక తప్పంతా మీ విలేకరిది కాదు.

మీరు వేసిన ఫోటో ముందు నుంచి తీసినది. అందులో కొప్పు గాని సంపెంగలు గాని కనిపించవు, నుదుట పువ్వు మాత్రం కనిపిస్తుంది. భూతద్దం పెట్టి చూస్తే దాని ఐదు రేకలలో ఒకటి కొంచెం పైకి లేచి ఉంది. అతికించుకునేటప్పుడు పిల్ల చెయ్యి వణికిందట.

భవదీయుడు,
ఒక విశ్రాంత చిత్రలేఖన ఉపాధ్యాయుడు,
విజయనగరం.